పడమటి హద్దు

రేవడిపేట జిల్లా సర్వే ఆఫీసులో ఇరవయ్యారేళ్ళుగా పొలం పటాలు గీస్తున్న ట్రేసరు కూనపులి త్రినాథరావుకి బొమ్మలు గీయడం రాదు. ఇందులో విడ్డూరమేమీ లేదు. పటం వేరు, బొమ్మ వేరు. పటంలో గీత వంకరపోతే ఇద్దరు అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు. బొమ్మలో గీత వంకరపోతే నలుగురూ చేరి చప్పట్లు కొడతారు. త్రినాథరావు మొదటి రకం గీతల మనిషి. చేతిలో స్కేలు లేకపోతే అతనికి సంతకం కూడా కుదరదని ఆఫీసులో చెప్పుకునేవారు.

అలాంటివాడికి తన బొమ్మ తనే గీసుకోవలసిన అవస్థ వచ్చిపడింది. ఎలా వచ్చిందంటే, రాజధానిలో ఉండే కమిషనరు గారు ఆ వేసవిలో ఏదో కొండ మీద శిబిరానికి వెళ్ళి మూడు రోజులుండి వచ్చారు. అక్కడ ఆయన చేత ఆయన బొమ్మ గీయించారట. గీసి చూసుకుంటే ఆయనలో ఒక మహావృక్షం కనిపించిందట. అంతకాలం తనలో అంత చెట్టుందని తెలియకుండానే ఫైళ్ళ మీద సంతకాలు పెట్టానే అని ఆయన కంటతడి పెట్టుకున్నారట. కంటతడి ఆరేలోగా సర్క్యులరు జారీ అయింది.

"పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, ఫోటోలో ఉద్యోగి యొక్క ముఖము మాత్రమే ఉండును గాని ఉద్యోగి ఉండడు. కావున ప్రతి ఉద్యోగియు తన ఊహాత్మక స్వీయచిత్రమును స్వహస్తముతో గీసి మూడు ప్రతులలో సమర్పించవలెను. సదరు చిత్రము సర్వీసు రిజిస్టరునందు ఫోటో స్థానమున అతికించబడును. ఇక మీదట జీతభత్యములు మినహా సర్వ వ్యవహారములయందును చిత్రములోని స్వరూపమే ఉద్యోగి యొక్క నిజస్వరూపముగా పరిగణింపబడును."

చదివినవాళ్ళంతా కడుపుబ్బ నవ్వుకున్నారు. త్రినాథరావుకి మాత్రం నవ్వు రాలేదు. అతని బదిలీ ఫైలు సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి తిరిగొచ్చింది. కింద కొత్తగా ఒక్క ముక్క చేర్చారు: "ఊహాత్మక స్వీయచిత్రము జతపరచి పంపిన యెడల ఉత్తర్వులు జారీ చేయబడును."

ఆ బదిలీ సంగతి కాస్త చెప్పుకోవాలి. త్రినాథరావు భార్య హైమావతి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఆవిడ ఉద్యోగం కొండలింగాపురంలో. రేవడిపేటకి పడమరగా రెండువందల పది కిలోమీటర్లు. భార్యాభర్తలు ఒకచోట పనిచేయవచ్చునని ప్రభుత్వమే ఒక నిబంధన రాసిపెట్టింది. ఆ నిబంధన పట్టుకుని అతను కాళ్ళరిగేలా తిరిగాడు. పదకొండేళ్ళు. నెలకి ఒక్క రెండో శనివారం, దాని పక్కనున్న ఆదివారం. ఒక నెల ఆవిడ వచ్చేది, ఒక నెల అతను వెళ్ళేవాడు. రేవడిపేటలో సర్వే ఆఫీసు ప్రహరీకి పడమటి వైపు ఆనుకునే పశువుల ఆసుపత్రి ఉంది. అందులో కాంపౌండరు పోస్టు మూడేళ్ళుగా ఖాళీ. కిటికీలోంచి గేదెల అరుపులు వినిపించినప్పుడల్లా త్రినాథరావు పెన్సిలు ఆగిపోయేది. హైమావతి ఆ పోస్టుకి అర్జీ పెట్టుకుంటే, ఖాళీలు భర్తీ చేయరాదని నిషేధం ఉన్నది గనుక ఖాళీని ఖాళీగానే ఉంచవలెనని జవాబొచ్చింది. ఇక మిగిలింది అతను అక్కడికి వెళ్ళడమే. అందుకే ఆ బొమ్మ అతనికి నవ్వులాట కాదు.

బొమ్మలు గీయించడానికి రాజధాని నుంచి ఒక ఊహా శిక్షకుణ్ణి పంపించారు. నున్నగా గుండు, మోకాళ్ళు దాటిన లాల్చీ. ఆయన రాగానే కుర్చీలన్నీ బయట వేయించి, అందరినీ చాపల మీద కూర్చోబెట్టి, తలా ఒక రంగుపెన్సిళ్ళ డబ్బా ఇచ్చాడు. మీరెవరో మరిచిపొమ్మన్నాడు. గవర్నమెంటు ఆఫీసులో అదేమంత కష్టం కాదు గనుక అందరూ ఇట్టే మరిచిపోయారు.

జిల్లా అధికారి పుండరీకాక్షరావు గారు ఉదయిస్తున్న సూర్యుణ్ణి గీసి, దానికి కళ్ళజోడు పెట్టారు. సూపరింటెండెంటు జగదాంబ గారు తెల్లటి హంసను గీశారు, పాలూ నీళ్ళూ వేరుచేస్తున్నట్టు. అటెండరు దాలయ్య సంగతి వేరు. ముప్పయ్యేళ్ళుగా అధికారి గది తలుపు దగ్గర నిలబడ్డ మనిషి. నేను కూడా గీయాలా బాబూ అని అడిగి, గీయాలంటే సరేనని, ఒక కుర్చీ గీశాడు. కుర్చీలో తను. పైన ఫ్యాను. కాళ్ళు బారజాపుకుని ఉన్నాడు.

త్రినాథరావు కాగితం మాత్రం అరగంటైనా తెల్లగానే ఉంది. శిక్షకుడు వచ్చి పక్కన గొంతుక్కూర్చుని, సార్, మీ లోపలికి మీరు చూడండి, ఏముందో చెప్పండి అన్నాడు. త్రినాథరావు కళ్ళు మూసుకుని నిజాయితీగా చూశాడు. అద్దె గది కనిపించింది. గూట్లో ఒక కంచం, ఒక గ్లాసు కనిపించాయి. ఇంకేమీ కనిపించలేదు.

"ఖాళీగా ఉందండి" అన్నాడు.

"ఆ ఖాళీనే గీయండి."

ఖాళీ గీయడమంటే త్రినాథరావుకి చేతనైన పనే కదా. ప్రాణం లేచొచ్చినట్టయింది. జేబులోంచి స్కేలు తీశాడు. నాలుగు మూలల పొలం గీశాడు. ఉత్తర దిక్కు బాణం వేశాడు. హద్దులు రాశాడు. ఉత్తరం ఆఫీసు, తూర్పు బస్టాండు, దక్షిణం మహాలక్ష్మమ్మ మెస్సు. పడమర దగ్గర ఒక్క క్షణం ఆగి, హైమావతి అని రాసి, అక్కడ హద్దురాయి గుర్తు పెట్టాడు. పద్ధతి ప్రకారమైతే రాయి ఎంత దూరంలో ఉందో కొలిచి అంకె వేయాలి. రెండువందల పది కిలోమీటర్లని వేయడానికి అతనికి చెయ్యి రాలేదు. గీతకి ఆనించి పెట్టేశాడు. ఇరవయ్యారేళ్ళ ఉద్యోగంలో కొలవకుండా పెట్టిన రాయి అదొక్కటే.

శిక్షకుడు ఆ కాగితాన్ని రెండు చేతులా పైకెత్తి, మనిషి తనను తాను భూమిగా భావించుకోవడం తన పదేళ్ళ అనుభవంలో చూడలేదని గద్గద స్వరంతో చెప్పాడు. త్రినాథరావుని ఆకాశానికెత్తేశాడు. పటానికి జిల్లా ప్రథమ బహుమతి వచ్చింది. అద్దాల చట్రంలో బిగించి హాల్లో తగిలించారు. కమిషనరు గారు స్వయంగా ఆమోదముద్ర వేశారు. ఆ రెండో శనివారం త్రినాథరావు కొండలింగాపురం వెళ్ళి, ఇంకో నెలలో ఇక్కడే ఉంటానని భార్యతో చెప్పి, అక్కడి ఇంటిగలావిడ దగ్గర కొత్తిమీర వేసుకోవడానికి పెరట్లో కాస్త చోటు కూడా అడిగి పెట్టుకుని వచ్చాడు.

ఇంతలో సర్క్యులరు అమలు మొదలైంది. గవర్నమెంటులో సర్క్యులర్లు రావడం మామూలే గాని, అమలు కావడం అరుదు. ఇది ఆ అరుదైనవాటిలో పడింది.

ముందుగా దాలయ్యకి కుర్చీ, ఫ్యాను మంజూరయ్యాయి. అతని నిజస్వరూపం కూర్చున్నదే గనుక అతన్ని నిలబెట్టడం రికార్డుకి విరుద్ధమని రాజధాని నుంచి రాశారు. కాళ్ళు బారజాపడానికి చాలినంత జాగా కోసం గుమ్మం ఎదుట బీరువా జరిపించారు. గంట కొట్టినప్పుడల్లా పుండరీకాక్షరావు గారే బయటికొచ్చి, దాలయ్యా, ఏమీ అనుకోకు, కాస్త మంచినీళ్ళు ఎక్కడున్నాయి అని అడగవలసి వచ్చేది. ఆయన సొంత తిప్పలు ఆయనకున్నాయి. సూర్యుడు పదిన్నరకి రావడమేమిటని ఆక్షేపణ వచ్చి, తెల్లవారి ఐదు నలభై రెండుకి హాజరు వేయించుకోవలసి వచ్చింది. సెలవడిగితే, సూర్యునికి సెలవు మంజూరు చేసిన పూర్వోదాహరణ లేదనీ, గ్రహణ దినమున అర్ధరోజు పరిశీలించవచ్చుననీ జవాబిచ్చారు. జగదాంబ గారి టిఫిన్ డబ్బాను రోజూ ఒకరు తనిఖీ చేసేవారు. పాలూ నీళ్ళూ వేరుచేయడం చేతకాకపోతే తప్పుడు చిత్రం దాఖలు చేసినట్టవుతుందని ఆవిడ మజ్జిగ మానుకున్నారు.

త్రినాథరావుకి హాజరు పుస్తకం తీసేశారు. భూమి సంతకం పెట్టదు కదా. రోజూ పదిన్నరకి చైన్‌మన్ సన్యాసి గొలుసు పట్టుకొచ్చి అతన్ని నాలుగు వైపులా కొలిచి, విస్తీర్ణం రాసుకుని, భూమి స్థలము మీద ఉన్నది అని ధ్రువీకరించేవాడు. ఉంటే హాజరు, లేకపోతే ఆక్రమణ. తరగతి అన్న గడిలో మాగాణి అని రాయాలా, మెట్ట అని రాయాలా అని మూడు రోజులు చర్చ జరిగి, మనిషిని పైనుంచి కిందిదాకా చూసి మెట్ట అని రాశారు. మెస్సు భోజనంతో అతను చిక్కిపోతుంటే, విస్తీర్ణం ఎందుకు తగ్గింది, సరిహద్దుదారులలో ఎవరు ఆక్రమించారు అని సంజాయిషీ అడిగారు. మహాలక్ష్మమ్మ మెస్సులో పప్పు పలచన అని రాసి ఇచ్చాడు.

ఇవన్నీ అతను పళ్ళ బిగువున భరించాడు. బదిలీ ఉత్తర్వు వచ్చేదాకానే కదా అనుకున్నాడు. ఉత్తర్వు రానే వచ్చింది.

"శ్రీ కె. త్రినాథరావు, ట్రేసరు, వారి చిత్రమును పరిశీలించడమైనది. సదరు ఉద్యోగి భూమి అని నిర్ధారణ అయినది. భూమి స్థిరాస్తి. స్థిరాస్తిని ఒక ఊరి నుండి వేరొక ఊరికి తరలించు విధానము శాఖ వద్ద లేదు. కావున బదిలీ అభ్యర్థన శాశ్వతముగా తిరస్కరించడమైనది."

చదివేసరికి అతనికి కాళ్ళ కింద భూమి కదిలినట్టయింది. కదిలితే మాత్రం ఏం లాభం, కదలదని రాతపూర్వకంగా తేల్చేశారు గదా. కాగితం పట్టుకుని పుండరీకాక్షరావు గారి గదిలోకి వెళ్ళాడు. ఆయన తెల్లవారుజామున లేచినందువల్ల కునికిపాట్లు పడుతున్నారు.

"నేను మనిషినండి" అన్నాడు త్రినాథరావు.

"ఉండొచ్చునయ్యా. ఆధారమేదీ?"

పోనీ ఇంకో బొమ్మ గీసిస్తాను, కాళ్ళూ చేతులూ పెట్టి మనిషిలాగే గీస్తాను అన్నాడు త్రినాథరావు. పుండరీకాక్షరావు గారికి నిద్ర ఎగిరిపోయింది.

"ఆమోదమైన పటాన్ని దిద్దకూడదని నీకు నేను చెప్పాలా? వేలమంది రైతులకి నువ్వే చెప్పి పంపించావు. కాదూ కూడదంటే రీసర్వేకి పెట్టుకో. నాలుగు హద్దులవాళ్ళకీ నోటీసులిద్దాం. వాళ్ళొచ్చి స్థలం మీద నిలబడి, ఇక్కడ భూమి లేదు, మనిషే ఉన్నాడు అని చెబితే అప్పుడు చూద్దాం."

అంతకన్న గతి లేక అతను రీసర్వేకి అర్జీ పెట్టుకున్నాడు. నోటీసులు వెళ్ళాయి. ఉత్తర హద్దు తరఫున పుండరీకాక్షరావు గారే ఒకటి అందుకుని, అందినట్టు తనకు తనే రసీదిచ్చుకున్నారు. పడమటి హద్దు నోటీసు కొండలింగాపురం పశువుల ఆసుపత్రికి రిజిస్టరు పోస్టులో వెళ్ళింది. "పడమటి హద్దు అయిన మీరు ఫలానా తేదీన ఉదయం పదకొండు గంటలకు సదరు భూమి వద్ద హాజరు కావలెను" అని అందులో ఉంది. హైమావతి దాన్ని రెండుసార్లు చదివి, పాలివ్వని బర్రెకి సూది వేసొచ్చి, మూడోసారి చదివి, సెలవు చీటీ రాసింది.

ఆ రోజు హాల్లో త్రినాథరావుని మధ్యలో నిలబెట్టారు. తూర్పు హద్దు తరఫున బస్సు డిపో మేనేజరు తమకేమీ అభ్యంతరం లేదని కాగితం పంపించాడు. దక్షిణం నుంచి మహాలక్ష్మమ్మ వచ్చి, పప్పు పలచన అని రాసింది ఎవరని అడిగి, తెలుసుకుని, అతని ముఖం చూడకుండా నిలబడింది. హైమావతి పదకొండుకి పది నిమిషాల ముందే వచ్చింది. రాగానే గోడ మీది చట్రం దగ్గరికి వెళ్ళింది. త్రినాథరావు ఆ పటం సంగతి ఆవిడకి చెప్పాడు గాని, అందులో ఏమేం రాశాడో చెప్పలేదు. ఆవిడ ఉత్తరం చదివింది, తూర్పు చదివింది, దక్షిణం చదివింది. పడమర దగ్గర చాలాసేపు ఆగిపోయింది.

"పక్కనే పెట్టారే" అంది.

"దూరం వేయబుద్ధి కాలేదు" అన్నాడు త్రినాథరావు. పదకొండేళ్ళలో అతను ఆవిడతో చెప్పిన మాటల్లో ఇంత పెద్ద మాట లేదు. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. చెంగుతో తుడుచుకుని, పుండరీకాక్షరావు గారివైపు తిరిగి కానివ్వండి అంది.

సన్యాసి గొలుసు లాగి కొలిచాడు. ఉత్తరం సరిపోయింది, తూర్పు సరిపోయింది, దక్షిణం రెండు అంగుళాలు తక్కువైతే మహాలక్ష్మమ్మ ఒక అడుగు ముందుకు జరిగి సర్దింది. పడమర దగ్గర అతను గొలుసు కింద పడేశాడు. పటంలో రాయి ఉంది, స్థలం మీద రాయి లేదు. హైమావతిని చూపించి, ఈవిడే కదరా అని త్రినాథరావు బతిమాలాడు. ఈమె మనిషి, పటంలో ఉన్నది రాయి, నాకు కళ్ళున్నాయి బాబూ అన్నాడు సన్యాసి. పుండరీకాక్షరావు గారు గొంతు సవరించుకుని, జగదాంబ గారి చేత అక్కడికక్కడే రాయించారు. "పడమటి హద్దురాయి స్థలము మీద కానరాలేదు. హద్దురాయి కానరాని భూమికి రీసర్వే చేయరాదు. కావున అర్జీ కొట్టివేయడమైనది. సదరు ఉద్యోగి భూమిగానే కొనసాగును."

మహాలక్ష్మమ్మ సైతం పాపం అంది. హైమావతి మాత్రం ఏడవలేదు, అరవలేదు. రోజూ పొడిచే కొమ్ముల మధ్య పనిచేసే మనిషి. తాపీగా పుండరీకాక్షరావు గారి ముందు నిలబడి అడిగింది.

"రాయి ఉండాల్సిన చోట లేకపోతే ఎవరు తెచ్చి పాతాలండీ?"

"శాఖే పాతాలమ్మా. అది మా విధి."

"పాతాక ఎవరైనా జరిపితే?"

"నేరం. జరిపినా, పీకినా, పాడుచేసినా శిక్షే. కమిషనరు గారైనా సరే చెయ్యి వేయడానికి వీల్లేదు."

ఆవిడ సరేనండి అంది. మంచినీళ్ళు అడిగితే దాలయ్య కూర్చున్నచోటు నుంచే చూపించాడు. తాగి, భర్తని వెంటబెట్టుకుని బస్టాండుకి నడిచింది. దారిలో, తమ శాఖకీ బొమ్మల సర్క్యులరు వచ్చిందని చెప్పింది. చెట్టు కమిషనరు గారి మాట అన్ని శాఖలకీ పాకిందట. ఆసుపత్రిలో అందరూ పోటీలుపడి కామధేనువుల్ని గీస్తున్నారట. డాక్టరు గారు నందీశ్వరుణ్ణి గీసి, ఇప్పుడు గుమ్మం ఎదుట కదలకుండా కూర్చుంటున్నారట. తన గడువు సోమవారం దాకా ఉందట.

"నీకూ బొమ్మలు రావు కదా" అన్నాడు త్రినాథరావు దిగులుగా.

"రాయి గీయడానికి ఎంతసేపు పడుతుందండీ" అంది హైమావతి, బస్సెక్కుతూ.

సోమవారం ఆవిడ మూడు ప్రతుల్లో రాయిని గీసింది. నిలువుగా నాలుగు పలకల రాయి, పైన బాణం గుర్తు. పొరపాటుకి తావు లేకుండా కింద పేరు రాసింది. "హద్దురాయి. రేవడిపేటలోని కూనపులి త్రినాథరావు అను భూమికి పడమర." పశువుల శాఖలో కలకలం పుట్టింది. ఆమోదించకుండా ఉండటానికి వీల్లేదు, ఎందుకంటే అది ఊహాత్మకమే, స్వహస్తమే, మూడు ప్రతులే. ఆమోదించాక ఏం చేయాలో తెలియక, పై అధికారులు పదిహేను రోజులు తలలు పట్టుకుని చివరికి సర్వే శాఖకి లేఖ రాశారు.

"మా శాఖకు చెందిన కాంపౌండరు ఒకరు మీ శాఖకు చెందిన హద్దురాయి అని తేలినది. పశువులకు సూది వేయుటకు రాయికి గల అర్హత పరిశీలనలో ఉన్నది. ఈలోగా సదరు రాయిని సొంతదారు శాఖ వారు తమ ఖర్చుపై తీసుకొనిపోయి, పటములో చూపిన చోట నిలుపుకొనవలసినదిగా కోరడమైనది."

పుండరీకాక్షరావు గారికి తల ప్రాణం తోకకొచ్చింది. రాయి కానరాలేదని తను రాయించిన కాగితం ఫైల్లోనే ఉంది. రాయి దొరికాక పాతకపోతే విధి నిర్వహణలో లోపం. ఆఫీసు జీపు కొండలింగాపురం వెళ్ళి, హైమావతినీ, ఆవిడ రెండు పెట్టెల్నీ, రోటినీ, ఒక కొత్తిమీర కుండీనీ ఎక్కించుకొచ్చింది. వోచరులో "రాయి రవాణా, ఒకటి" అని రాసుకున్నారు.

ఎక్కడ నిలపాలన్నది తర్వాతి ప్రశ్న. పటం ప్రకారం రాయి త్రినాథరావు బల్లకి పడమరగా, ఆనుకునే ఉండాలి. బల్లకి పడమర కిటికీ, కిటికీకి అవతల ప్రహరీ, ప్రహరీకి అవతల పశువుల ఆసుపత్రి. అక్కడి కాంపౌండరు పోస్టు ఖాళీని భర్తీ చేయరాదన్న నిషేధం ఇంకా ఉంది. కాని నిషేధం మనుషులకి. ఒక ఖాళీలో రాయి పాతితే ఖాళీ భర్తీ అయినట్టు కాదని జగదాంబ గారు హంసలాగే ఆలోచించి, రెండూ వేరుచేసి చూపించారు. ఆవిడ బుర్ర పనిచేసిన రోజు అదొక్కటే అని చెప్పుకున్నారు గాని, అది అన్యాయం. మొత్తానికి శుక్రవారం పూట పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పెట్టి రాయిని స్థాపించారు. హద్దురాళ్ళకి ఏటా సున్నం కొట్టాలన్న నియమం గుర్తొచ్చి సన్యాసి బకెట్టు పట్టుకొచ్చాడు. హైమావతి చూసిన చూపుకి బకెట్టు అక్కడే పెట్టి వెనక్కి నడిచాడు. రెండు రోజులు పోయాక, అర్హత పరిశీలన తేలేదాకా ఆగలేని గేదెలు అక్కడికి వస్తూనే ఉన్నాయి గనుక, రాయే వాటికి సూదులు వేయడం మొదలుపెట్టింది. గేదెల యజమానులెవరూ అభ్యంతరం చెప్పలేదు.

అద్దె గదిలోని గూట్లోకి రెండో కంచం వచ్చింది. సాయంత్రం ఐదింటికి కిటికీలోంచి ఆవిడ పిలిచేది, అతను స్కేలు జేబులో పెట్టుకుని లేచేవాడు. ఇద్దరూ మార్కెట్టు దాకా నడిచి, వంకాయలు ఏరుకుని, ఇంటికెళ్ళేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో కూడా వాళ్ళు ఇన్ని వంకాయలు కలిసి ఏరలేదు. మూడు నెలలు తిరిగేసరికి సన్యాసి కొలతల్లో విస్తీర్ణం పెరిగింది. ఎవరి భూమి కలుపుకున్నావని సంజాయిషీ అడిగారు. పడమటి హద్దు వైపు నుంచి ఎరువు అందుతున్నది అని త్రినాథరావు రాసిచ్చాడు. తరగతి గడిలో మెట్ట కొట్టేసి మాగాణి అని దిద్దారు.

ఇలా ఉండగా, చెట్టు కమిషనరు గారు ఒక మంగళవారం వేరే శాఖకి బదిలీ అయ్యారు. ఆయన్ని ఎలా పెకలించారని ఎవరూ అడగలేదు. కొత్తగా వచ్చిన కమిషనరు గారికి బొమ్మలంటే గిట్టదు. ఆయన మొదటిరోజే సర్క్యులరు జారీ చేశారు.

"పూర్వపు ఉత్తర్వులననుసరించి వివిధ స్వరూపములు పొందిన ఉద్యోగులలో తిరిగి మనుషులుగా మారగోరువారు ఇందుతో జతపరచిన నమూనాలో దరఖాస్తు చేసుకొనవలెను. మనుషులైన వారు తమ పూర్వపు స్థానములలో పూర్వపు స్థితిగతులతో యథాప్రకారము చేరవలెను. గడువు పది దినములు."

ఆఫీసంతా పండగ చేసుకుంది. పుండరీకాక్షరావు గారు ఐదు నలభై రెండుకే వచ్చి మొట్టమొదటి దరఖాస్తు పెట్టారు. పెట్టి, మళ్ళీ ఇంటికెళ్ళి పది గంటలదాకా హాయిగా నిద్రపోయారు. జగదాంబ గారు దరఖాస్తు పెట్టి మజ్జిగ తాగారు. దాలయ్య మాత్రం నమూనా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న కుర్చీ కాలు కింద దూర్చి, మళ్ళీ కాళ్ళు జాపుకున్నాడు.

త్రినాథరావు నమూనా అందుకుని, పూర్వపు స్థానములలో అన్న మాట దగ్గర ఆగిపోయాడు. కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అవతల హైమావతి ఒక పెయ్యదూడ చెవి పట్టుకుని ఉంది. అతను చదివి వినిపించాడు. ఆవిడకీ అదే నమూనా వచ్చిందట, చీరకొంగులో ముడేసి ఉంచిందట.

"మనుషులమైతే నేనెక్కడుండాలి?" అంది.

"కొండలింగాపురం."

"మీరు?"

"ఇక్కడే."

ఆవిడ దూడ చెవి వదిలి, చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది.

పదో రోజు సాయంత్రం పుండరీకాక్షరావు గారు త్రినాథరావుని పిలిపించి, గడువు అయిపోతోందనీ, ఈ ఆఫీసులో ఇప్పుడు మనిషి కాకుండా మిగిలింది నువ్వొక్కడివేననీ, నేను మనిషినండి అని ఈ గదిలోకే వచ్చి ఏడ్చింది నువ్వేననీ గుర్తుచేశారు. నిజంగానే ఆయన గొంతులో జాలి ఉంది. త్రినాథరావు తలూపి, నమూనా బల్ల మీద పరిచి, పేరు, హోదా, ప్రస్తుత స్వరూపము అన్న గడులు శుభ్రంగా నింపాడు. మనిషిగా మారగోరుటకు కారణములు అన్న గడి దగ్గర స్కేలు పెట్టి అడ్డంగా ఒక గీత కొట్టాడు. దాని కింద తన గుండ్రటి అక్షరాలతో రాశాడు: "పదకొండేళ్ళు మనిషిగా ఉండి చూచితిని. చాలును."

పుండరీకాక్షరావు గారు దాన్ని చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, కింద భూమిగానే కొనసాగును అని రాసి ముద్ర వేశారు. ఐదయింది. కిటికీ అవతల నుంచి పిలుపు వినిపించింది. త్రినాథరావు సంచీ తీసుకుని బయటికి నడిచాడు.